పురుగుకు ముక్కు లేదు, ఊపిరి ఉంది: షెడ్డులో గాలి గురించి మేము ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

చలి మొదలైంది. కోలారు, చింతామణి, శిడ్లఘట్ట నుంచి హోసూరు, డెంకణికోట దాకా మన వాళ్ల షెడ్లలో ఈపాటికి కిటికీలకు పట్టలు దిగి ఉంటాయి. అటక మీద నుంచి కుంపట్లు కూడా దిగి ఉంటాయి. అందుకే ఈసారి మందుల మాట, ధరల మాట పక్కన పెట్టి గాలి గురించి రాస్తున్నాం. ముందు మా ఇంట్లో జరిగినది చెప్తాం.

*ఆ రాత్రి ఏం జరిగిందంటే*

కొన్నేళ్ల కిందటి మాట. డిసెంబరు నెల. మా పురుగులు రెండో జ్వరం లేచి మంచి ఆకలి మీద ఉన్నాయి. బయట మంచు. షెడ్డులో వేడి నిలవాలని కిటికీలకు ప్లాస్టిక్ పట్టలు కట్టాం, తలుపు కింద సందులో గోనెసంచి కుక్కాం, రెండు బొగ్గుల కుంపట్లు పెట్టాం. నాయన, తమ్ముడు ఆకు వేసేదానికి లేవాలని షెడ్డులోనే చాప పరుచుకున్నారు.

తెల్లవారుజామున అమ్మ టీ పట్టుకుని పోయి తలుపు కొట్టింది. పలుకు లేదు. తోసుకుని లోపలికి పోతే ఇద్దరూ పడుకునే ఉన్నారు. "ఏమయ్యా, లెయ్" అని అమ్మ కదిపితే నాయన కళ్లు తెరిచాడు గానీ మాట తడబడింది. తమ్ముడు లేచి నిలబడబోయి గోడ పట్టుకుని కూలబడ్డాడు. అమ్మ అరుపులకు మేమంతా పరిగెత్తాం. ఇద్దరినీ బయట కళ్లంలోకి మోసుకొచ్చాం. వాంతులు, తల పగిలిపోయే నొప్పి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినాక తేరుకున్నారు. "ఇంకో గంట ఆలస్యమై ఉంటే చెప్పలేం" అన్నాడు డాక్టరు.

ఇందులో మాకు ఎంతకీ అర్థం కాని సంగతి ఒకటుంది. ఆ గదిలోనే పురుగులు దర్జాగా ఆకు మేస్తున్నాయి! ఒక్కటీ చావలేదు. ఆ పంట గూళ్లు కూడా బాగానే వచ్చాయి. "పురుగులు బాగున్నాయి గదా, గాలికేం తక్కువ?" అని అవ్వ చాన్నాళ్లు వాదించింది.

రెండేళ్లు పోయాక దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. ఈసారి వానాకాలం, ఐదో దశ పురుగులు. ముసురు పట్టిందని పట్టలు దించి నాలుగు రోజులు ఎత్తలేదు. కుంపటి లేదు, పొగ లేదు. లోపలికి పోతే మనకు వెచ్చగా హాయిగానే ఉంది. పురుగులు మాత్రం ఆకు వదిలేసి, వదులైపోయి, నల్లబడి కుళ్లాయి. పంట సగానికి పైగా పోయింది. మొదటిసారి మనుషులు పడిపోయి పురుగులు నిలిచాయి, రెండోసారి మనుషులు నిలిచి పురుగులు పడిపోయాయి. ఇదేం చోద్యమో తెలియాలంటే పురుగు ఊపిరి ఎట్లా తీస్తుందో తెలియాలి.

*పక్కన ఉన్న నల్ల చుక్కలే ముక్కులు*

ఐదో దశ పురుగును ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని పక్క నుంచి చూడండి. తల వెనక మొదటి కణుపు మీద ఒకటి, పొట్ట భాగంలో మొదటి ఎనిమిది కణుపుల మీద ఒక్కొక్కటి చొప్పున నల్లటి కోలచుక్కలు కనిపిస్తాయి. ఒక్కో పక్క 9, రెండు పక్కలా కలిపి 18. చాలామంది వాటిని మచ్చలు అనుకుంటారు. అవి పురుగు శ్వాసరంధ్రాలు. పురుగు నోటితో ఊపిరి పీల్చదు. నోరు ఆకు తినేదానికే.

మనకు గాలి ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ రక్తం ఆక్సిజన్‌ను ఎత్తుకుని ఒళ్లంతా మోస్తుంది. దాన్ని మోసే కూలీ పేరు హిమోగ్లోబిన్. రక్తం ఎర్రగా ఉండేది దానివల్లే. పట్టుపురుగుకు ఊపిరితిత్తులు లేవు, రక్తంలో హిమోగ్లోబిన్ లేదు. పురుగు కాలు తెగితే కారేది లేత పసుపు నీళ్లే గదా! ఆ రక్తం తిండిని మోస్తుంది గానీ ఆక్సిజన్‌ను మోసే పని దానికి లేదు.

మరి ఆక్సిజన్ ఎట్లా చేరుతుంది? గొట్టాల ద్వారా. ఒక్కో రంధ్రం నుంచి లోపలికి సన్నటి గాలి గొట్టాలు బయల్దేరతాయి. మల్బరీ తోటలో డ్రిప్పు వేస్తాం గదా, మెయిన్ పైపు, దాని నుంచి సబ్ మెయిన్, దాని నుంచి సాలుకొక లేటరల్ పైపు. అచ్చం అట్లాగే ఆ గొట్టాలు చీలి చీలి, కంటికి కనిపించనంత సన్నబడి, పట్టు గ్రంథి దాకా, కండరం దాకా, పేగు దాకా పోతాయి. డ్రిప్పులో నీళ్లు పోతే ఇక్కడ గాలి పోతుంది. నడుమ మోసే కూలీ లేడు, గాలే నేరుగా ఇంటి గడప దాకా వస్తుంది. వాడేసిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువ భాగం అదే దోవన బయటికి పోతుంది.

ఇంత చిన్న ఒంటికి ఈ ఏర్పాటు చాలు. ఎందుకంటే నిలిచిన నీళ్లలో కంటే గాలిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. గొట్టంలో గాలి ఉన్నంతవరకు పెద్దగా పీల్చే పని లేకుండానే ఆక్సిజన్ లోపలికి పాకుతుంది. ఆ గొట్టం మూతికి నీటి పొరో నూనె పొరో అడ్డం పడితే దోవ మూసుకున్నట్టే.

ఈ సంగతి మొదట కనిపెట్టింది మన పట్టుపురుగు మీదే. ఇటలీ దేశపు వైద్యుడు మార్సెల్లో మాల్పీగి పట్టుపురుగును కోసి, సూక్ష్మదర్శిని కింద ఈ గొట్టాలను చూశాడు. ఆయన రాసిన పుస్తకాన్ని 1669లో లండన్ రాయల్ సొసైటీ అచ్చువేసింది. పురుగుల ఒంట్లో అవయవాలే ఉండవని పెద్ద పెద్దవాళ్లు నమ్మే రోజులవి. పురుగు శ్వాసరంధ్రాలకు నూనె పూస్తే ఊపిరాడక చస్తుందని ఆయన చేసి చూపించాడు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద కిరసనాయిలు, పాత ఆయిలు పెట్టే అలవాటు మనలో ఉంది. ఆ చెయ్యి కడుక్కోకుండా పురుగును ముట్టుకోవద్దని పెద్దవాళ్లు అనేదానికి ఇదీ ఒక కారణమే.

*ఆ రాత్రి చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది*

బొగ్గు చాలినంత గాలి లేక మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. ఈ గాలి మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కూలీ నెత్తిన వేరేవాడి మూట ఎక్కినట్టే, ఇక ఆక్సిజన్ మూట ఎత్తుకునే చోటు ఉండదు. తలనొప్పి, మగత, వాంతి, ఆ తర్వాత స్పృహ తప్పుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తలనొప్పి వచ్చిన సంగతే తెలియదు, నిద్రలోనే పోతారు.

పురుగు ఒంట్లో ఆ కూలీయే లేడు. అందుకే మనిషిని పడగొట్టే మోతాదులో ఆ గాలి పురుగును పడగొట్టదు. మా నాయన, తమ్ముడు పడిపోయిన గదిలో పురుగులు ఆకు మేయడానికి కారణం ఇదే. అవ్వ వాదన అక్కడే తప్పింది. "పురుగులు మేస్తున్నాయి, కాబట్టి గాలి మంచిదే" అనేది మనిషి ప్రాణం తీసే లెక్క. దయచేసి ఈ ఒక్క వాక్యం మీ ఇంట్లో అందరికీ వినిపించండి.

వేడి కావాలంటే కరెంటు హీటరు మేలు. కరెంటు లేక కుంపటి తప్పదంటే బయటే రాజేసి, పొగ పోయి బాగా ఎర్రబడినాక లోపల పెట్టండి. పొగ లేదు గదా అని నిమ్మళంగా ఉండొద్దు, ఎర్రటి బొగ్గు నుంచి కూడా ఆ విషగాలి వస్తుంది. కాబట్టి పైన ఒక వెంటిలేటరు, కింద ఒక సందు తెరిచే ఉండాలి. కుంపటి ఉన్న గదిలో మనిషి పడుకోనే కూడదు. పిల్లలు, గర్భిణులు ఆ గదిలో పని చేయకూడదు. ఎవరికైనా తలనొప్పి, తూలుడు వస్తే ముందు మనిషిని బయటికి తేవాలి, ఆ తర్వాతే తక్కిన పనులు. 108కి ఫోన్ చేసి "బొగ్గు గాలి పట్టింది" అని చెప్పండి. నిమ్మరసం, మజ్జిగ పట్టిస్తూ పొద్దు పుచ్చొద్దు. దీనికి మందు ఆక్సిజనే.

*మరి రెండోసారి పురుగులు ఎందుకు పోయాయి?*

లెక్క వేసి చూడండి. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఐదో దశ చివరికి దాదాపు 10,000 రెట్లు బరువెక్కుతుంది. పండిన పురుగు 4 గ్రాములు అనుకున్నా, 100 లేయింగ్స్‌లో 40,000 పురుగులు నిలిస్తే 160 కిలోలు. అంటే ముగ్గురు మనుషుల బరువున్న జీవం ఆ షెడ్డులో రాత్రింబవళ్లు ఊపిరి తీస్తూ, తింటూ, లద్దె వేస్తూ ఉంటుంది. చాకీలో చేటంత చోటులో ఉన్నప్పటి గాలి అలవాటు ఐదో దశకు పనికిరాదు.

పురుగు తిన్న ఆకు ఒంట్లో ఆక్సిజన్‌తో కలిసి శక్తిగా మారుతుంది. అప్పుడు బయటపడేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, వేడి. మిగిలిన ఆకు, లద్దె కింద పులిసి అవీ వేడిని, ఆవిరిని, అమ్మోనియాను వదులుతాయి. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. పురుగుల పడకలో కార్బన్ డయాక్సైడ్ 1, 2 శాతం దాకా పెరిగితే పెరుగుదల దెబ్బతింటుందని పట్టు పెంపకం పాఠాల్లో చెప్తారు.

ఇంకో సంగతి. శ్వాసరంధ్రానికి లోపల తలుపులాంటి ఏర్పాటు ఉంది. ఒంట్లో తడి ఆరిపోకుండా పురుగు దాన్ని మూస్తుంది, అవసరమైనప్పుడు తెరుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే ఆ తలుపులు తెరుచుకునే ఉంటాయి. మనం గాలి ఆడని గదిలో నోరు తెరిచి ఎగరోజినట్టే అనుకోండి. పైగా గాలి తడితో నిండి ఉంటే ఒంటి తడి ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేడి, తడి, నిలిచిన గాలి మూడూ కలిసినప్పుడు పురుగు నీరసించి ఫ్లాచరీకి, పాలు జబ్బుకు లొంగిపోతుంది. చలి, తడి కలిస్తే సున్నకట్టు. ఈ జబ్బుల క్రిములు వేరు, దోవలు వేరు. వాటికి తలుపు తీసేది మాత్రం చాలాసార్లు మనం మూసిన కిటికీయే.

మా షెడ్డులో మనిషికి ఏమీ అనిపించకపోవడానికి కారణం ఉంది. మనం పది నిమిషాలు ఉండి బయటికొస్తాం, మన ముక్కు అయిదడుగుల ఎత్తులో ఉంటుంది. పురుగు ముక్కు పడక మీద, ఆకుల సందున, లద్దెకు రెండంగుళాల పైన ఉంటుంది. కాబట్టి గాలి చూడాలంటే వంగి, ముఖం పడక దగ్గర పెట్టి చూడాలి. ఘాటు వాసన వచ్చిందా, పడక మార్చాల్సిన గడియ దాటిపోయిందన్న మాట.

*జ్వరంలో గొట్టాలకు కూడా కొత్త చొక్కా*

జ్వరానికి కూర్చున్నప్పుడు పురుగు పైపొర ఒక్కటే మార్చదు. గాలి గొట్టాల లోపలి పొర కూడా ఊడి, శ్వాసరంధ్రాల గుండా బయటికి వస్తుంది. జ్వరం లేచినాక విడిచిన పొరను నీళ్లలో విప్పి చూడండి, లోపల సన్నటి పోగులు అంటుకుని ఉంటాయి. అవి పాత గొట్టాల పొరలే. ఇంత కష్టమైన పనిలో ఉన్న పురుగును కదపకూడదు, తడి ఉండకూడదు, ఎదురుగాలి కొట్టకూడదు, అట్లాగని గాలి నిలవకూడదు. జ్వరంలో పడక ఆరి ఉండాలని, సున్నం పల్చగా చల్లాలని చెప్పేది అందుకే. సున్నాన్ని పల్చటి గుడ్డలో మూటకట్టి చల్లండి. శ్వాసరంధ్రం దగ్గర దుమ్మును ఆపే జల్లెడ ఉంది గానీ గుప్పెళ్లతో పోస్తే ఏ జల్లెడ ఆపుతుంది?

చాకీకి వేరే లెక్క. చిన్న పురుగుకు తడి కావాలి. మొదటి దశలో 28 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ. ఐదో దశకు వచ్చేసరికి 24 డిగ్రీలు, 70 శాతం. చాకీలో పారాఫిన్ కాగితం కప్పితే ఆకు వాడదు. దాన్ని ప్రతి మేతకు అరగంట ముందు తీసేయమని చెప్పేది మాత్రం గాలి కోసమే. ఆ అరగంట చాలామంది ఎగ్గొడతారు, మేమూ ఎగ్గొట్టినవాళ్లమే.

*ఊజీ కూడా ఊపిరి తీస్తుంది*

ఊజీ కుట్టిన పురుగు మీద నల్లమచ్చ చూసే ఉంటారు. ఊజీ పిల్ల పురుగు ఒంట్లో బతుకుతుంది గానీ దానికీ గాలి కావాలి. అందుకని అది లోపలికి దూరిన కంతనే గాలి కిటికీగా పెట్టుకుని, తన వెనక భాగం దానికి ఆనించి ఊపిరి తీస్తుంది. ఆ కంత చుట్టూ పురుగు ఒళ్లు నల్లబడుతుంది. మనకు కనిపించే మచ్చ దొంగ పెట్టుకున్న చిమ్నీ అన్న మాట. మచ్చ ఉన్న పురుగును ఏరి చంపితే దొంగ కూడా దాంతోనే పోతుంది. కిటికీ బయట పారేస్తే మాత్రం ఊరికి ఊజీని పంచినట్టే.

ఊజీ వలలు తప్పక కట్టాలి. కానీ దుమ్ము, బూజు పట్టిన వల గోడతో సమానం. ప్రతి పంటకు వల విప్పి, ఉతికి, ఆరేసి కట్టండి.

*గుడ్డు, గూడు, ఆకు కూడా*

గుడ్డు పెంకుకు కంటికి కనిపించని సన్నటి రంధ్రాలున్నాయి. లోపల పిల్ల పెరిగేకొద్దీ ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. అందుకే గుడ్లను ప్లాస్టిక్ కవరులో బిగించి, స్కూటర్ డిక్కీలో పెట్టి మధ్యాహ్నపు ఎండలో తేవద్దు. గాలి ఆడే పెట్టెలో, చల్లటి పూట తెచ్చుకోండి.

చంద్రిక ఎక్కించిన రోజు పురుగు చాలా మూత్రం వదులుతుంది. ఆ తడి అక్కడే నిలిస్తే దారం అతుక్కుపోయి, రీలింగులో తెగుతుంది. మార్కెట్లో రీలరు గూడును వేళ్లతో నలిపి మొహం తిప్పుకునే జబ్బు సగం ఈ రెండు రోజుల్లోనే పుడుతుంది. చంద్రికల కింద కాగితాలు పరిచి, తడిసినవి తీసేసి, గాలి ఆడనివ్వండి.

గూట్లో ఉన్న ప్యూపా కూడా ఊపిరి తీస్తుంది. పట్టు పెంకు గుండానే దానికి గాలి అందుతుంది. గూళ్లను గోనెల్లో కుక్కి కట్టి రాత్రంతా ఉంచితే లోపల వేడి, చెమ్మ పుడతాయి. చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. శిడ్లఘట్ట పోయినా, రామనగర పోయినా, హోసూరు పోయినా పల్చటి సంచుల్లో వదులుగా నింపి, రాత్రి చల్లదనంలో ప్రయాణం పెట్టుకోండి.

కోసిన ఆకుదీ ఇదే కథ. కోసిన తర్వాత కూడా ఆకు బతికే ఉంటుంది, ఊపిరి తీస్తూ వేడిని వదులుతుంది. కుప్ప పోసి తొక్కితే నడుమ ఆకు ఉడికినట్టవుతుంది. నిలబెట్టి, వదులుగా, తడి గోనె కప్పి ఉంచండి. పక్క టమాటా తోటలో మందు కొట్టిన రోజు గాలి మన మల్బరీ వైపు ఉంటే ఆ వైపు సాళ్ల ఆకు కోయవద్దు.

*ఈ వారం చేయవలసినవి*

1. ఒక పట్టు పోగును వెంటిలేటరు దగ్గర వేలాడదీయండి. అది కదిలితే గాలి ఆడుతున్నట్టు. ఎంతసేపటికీ కదలకపోతే ఇంకో దోవ తెరవాలి.

2. వేడిగాలి పైకి పోతుంది. కాబట్టి పైన పోయే దోవ, కింద వచ్చే దోవ రెండూ ఉండాలి. రెండు కిటికీలూ ఒకే గోడకు ఉంటే గాలి దాటదు.

3. స్టాండును గోడకు ఆనించవద్దు. కింది అరల్లో, నడి అరల్లో గాలి తక్కువ. పురుగు వదలడం మొదట అక్కడే కనిపిస్తుంది.

4. చలికి పట్టలు దించినా, మధ్యాహ్నం ఎండ ఉన్న గంటసేపు ఎత్తండి.

5. ఐదో దశలో పురుగులను పల్చన చేయండి. చోటు చాలకపోతే లేయింగ్స్ తగ్గించండి. 100 తెచ్చి 40 కిలోలు తీసేకంటే 75 తెచ్చి 50 తీయడం మేలు.

6. కుంపటి ఉన్న గదిలో ఎవరూ పడుకోవద్దు. ఇది ఆరోది గానీ మొదటిదిగా చదవండి.

మా నాయన ఇప్పుడు షెడ్డు బయట అరుగు మీద పడుకుంటాడు. రాత్రి రెండింటికి లేచి, ముందు తలుపు బార్లా తెరిచి, కాసేపు అక్కడే నిలబడి, ఆ తర్వాత లోపలికి పోతాడు. "ఏం నాయనా, చలి పోతుంది గదా?" అంటే, "చలి పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు" అంటాడు. తమ్ముడు ఆ మాటకు నవ్వుతాడు గానీ వాడూ అట్లాగే చేస్తాడు.

మీ షెడ్డులో గాలికి మీరు చేసుకున్న ఏర్పాటు ఏదైనా ఉంటే ఫొటో తీసి, వాయిస్ మెసేజ్ పెట్టి పంపండి. పనికొచ్చేవి వచ్చే వారం అందరికీ పంచుతాం. పంట బాగా రావాలి, మనమూ బాగుండాలి.